నారింజ రంగు ఈదీ

“ఏమప్పా, నువ్వు అమ్మేది ఉప్పా, సిమెంటా?”

షమా అక్రమ్‌తో అన్న మొదటి మాట ఇదే. కడపలో అతని పెంపుడు చేపల అంగడి బల్ల మీద ఆమె ఒక ప్యాకెట్ పెట్టింది. అందులోని సముద్రపు ఉప్పు రాయిలా గడ్డకట్టి ఉంది.

“సిమెంటు కావల్లంటే ఎర్రగుంట్లకు పోవల్ల, మేడం.”

“ఆడి నుంచే వస్తాండా.”

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. సంచిలోంచి ఒక చీటీ తీసింది. ఎన్ని నీళ్లకు ఎంత ఉప్పు కలపాలో రాసిన చీటీ. ఆ చేతిరాత అక్రమ్‌కు తెలుసు.

“ఇది సర్ఫరాజన్న రాసిందే కదా? అన్న శానా దినాలుగా రాలేదే?”

“మా అన్న లేడు. పోయిన వానాకాలం…”

ఆమె చీటీ మడిచి లోపల పెట్టుకుంది. అక్రమ్ కొత్త ప్యాకెట్ తెచ్చి ఇచ్చాడు.

సర్ఫరాజ్ సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ముందుగదిలో నాలుగడుగుల గాజుతొట్టె పెట్టి, ఉప్పు కలిపిన నీళ్లలో పగడాలు పెంచాడు. ఉంగరంలో పొదిగే రాళ్లు కాదు, ప్రాణమున్నవి. వాటిలో ఒకటి అరచేయంత వెడల్పున్న ఆకుపచ్చ పగడం. దాని నిండా చొక్కా గుండీలంత పువ్వులు. దీపం వెలిగితే విచ్చుకుంటాయి, ఆర్పితే ముడుచుకుంటాయి. కొడుకు పోయాక వాళ్లమ్మ పీరాంబీ రోజూ పొద్దున ఆ తొట్టె ముందు కూర్చుంటుంది. పువ్వులు విచ్చుకున్న తర్వాతే టీ తాగుతుంది. షమా పాఠాలు చెప్పడానికి స్కూలుకు బయలుదేరేది అది చూశాకే.

ఉప్పు కోసం షమా నెలకోసారి వచ్చేది. తర్వాత రెండు వారాలకోసారి వచ్చింది.

“ఇంత ఉప్పు ఏం చేస్తాండారు టీచర్, ఊరగాయ పెడతాండారా?” అని అక్రమ్ ఒకరోజు అడిగాడు.

“నీ అంగడి మూతపడకుండా కాపాడతాండా,” అంది. ఆమె నవ్వగా అతను చూడటం అదే మొదటిసారి.

రంజాన్ పండగ రోజు అతను ఎర్రగుంట్లకు వెళ్లి ఒక చిన్న డబ్బా ఇచ్చాడు. అందులో నారింజ రంగు పగడం, పన్నెండు పువ్వులు, అన్నీ విచ్చుకొని ఉన్నాయి.

“ఈదీ, పండగ కానుక,” అన్నాడు.

“ఈదీ పెద్దోళ్లు కదా ఇచ్చేది! నువ్వేం పెద్దోడివా?”

“రెండేండ్లు పెద్ద. చదువులో కాకపోయినా వయసులో.”

ఆమె ఆ డబ్బాను వెలుగుకు ఎత్తి చూసింది. ఆమె ముఖం మీద నారింజ రంగు పడింది. అది గుర్తొచ్చినప్పుడల్లా అతను సంతోషపడ్డాడు, మూడు వారాల పాటు.

నాలుగో వారంలో ఫోన్ వచ్చింది.

“అక్రమ్, అన్న పగడం ముడుచుకున్యాది. మూడు దినాలాయ. అమ్మ టీ ముట్టలే.”

అతను అప్పుడే బస్సెక్కాడు. దారంతా ఒకటే ప్రార్థన: పురుగు కాకూడదు. నీళ్ల వేడి అయినా ఫర్వాలేదు, ఉప్పు ఎక్కువైనా ఫర్వాలేదు.

పగడాన్ని పళ్లెంలోకి తీసి, పువ్వుల మధ్య చిన్న లైటు వేసి చూశాడు. వాటి కింద తెల్లటి దారపు చుట్టలా గుడ్లు ఉన్నాయి. పక్కనే బియ్యపుగింజంత పురుగు. వీపు నిండా కుచ్చులున్నాయి. నారింజ రంగు.



ఆ పురుగు ఏది తింటే దానికి ఆ రంగే వస్తుంది. ఆ తొట్టెలో నారింజ రంగుది ఒక్కటే ఉంది, అతనిచ్చిన ఈదీ.

కొత్త పగడాన్ని మందునీళ్లలో ముంచకుండా ఎవరికీ ఇవ్వకూడదు. అంగడికి వచ్చే ప్రతివారికీ అతనే చెప్పే మాట అది. కానీ ముంచితే పువ్వులు రెండు మూడు రోజులు ముడుచుకుంటాయి. పండగ నాడు ఆమె మూత తీసేసరికి విచ్చుకొని ఉండాలని, ఆ ఒక్కదాన్ని ముంచలేదు.

షమా తువ్వాలు తేవడానికి లోపలికి వెళ్లింది. అతను సిరంజితో పురుగును పీల్చి, సిరంజిని జేబులో పెట్టుకున్నాడు.

“ఏముండాది?” తిరిగి వచ్చి అడిగింది.

“పురుగులు. నూడిబ్రాంక్ అంటారు. గుల్ల లేని నత్త. పగడాన్ని తింటాది.”

“యాడ నుంచి వచ్చినాయి?”

అతను పళ్లెం వైపే చూస్తూ, “చెప్పలేం టీచర్,” అన్నాడు.

ఆమె తువ్వాలు పళ్లెం పక్కన పెట్టింది.

మందుకు పురుగు చస్తుంది, గుడ్డు చావదు. నాలుగు రోజులకోసారి మళ్లీ ముంచాలి. గుడ్లు పొదిగి బయటికి వచ్చిన పిల్లలు మళ్లీ గుడ్లు పెట్టేలోపే చంపాలి. అలా ఆరుసార్లు. మే నెల ఎండలో అతను కడప నుంచి నాలుగు రోజులకోసారి వచ్చాడు. పండగ పగడాన్ని పారేద్దామంటే షమా ఒప్పుకోలేదు. రెండింటినీ ముంచారు. అతను పళ్లెంలో మందు కలిపేవాడు. ఆమె సెల్‌ఫోన్‌లో నిమిషాలు చూసేది. అతను మెత్తటి బ్రష్‌తో గుడ్లు గీకేవాడు. అప్పటి నుంచి దొరికిన పురుగులన్నీ ఆకుపచ్చవే. వెతకడం కష్టమైంది.

మొదట వంద పైన ఉన్న పువ్వులు రెండోసారికి అరవై అయ్యాయి. మూడోసారికి ఇరవై మూడు. పీరాంబీ దూరం నుంచే అడిగేది, “నాయనా, బతుకుతాదా?”

“బతుకుతాదమ్మా,” అనేవాడు. పగడం చచ్చిపోతే, ఆమెకు కొడుకును రెండోసారి దూరం చేసినవాడు తానే అవుతాడు. బస్సులో వచ్చేటప్పుడు ప్రతిసారీ అనుకునేవాడు, ఈపొద్దు చెప్పేయాలి. గడప దాటగానే పువ్వులు లెక్కపెట్టేవాడు. తగ్గి ఉండేవి. చెప్పలేకపోయేవాడు.

నాలుగోసారి షమా చేతితొడుగు లేకుండా పగడం ఎత్తబోయింది. ఆమె వేలి మీద బ్లేడు కోసిన గాటు అతనికి కనిపించింది.

“ముట్టొద్దు!”

ఇల్లంతా వినబడేలా అరిచాడు. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“దాంట్లో విషముండాది. గాయంలోకి పోతే ప్రాణానికే… నీకేమన్నా అయితే…” ఆమెను ‘నువ్వు’ అనడం అదే మొదలు.

షమా నెమ్మదిగా తొడుగులు వేసుకుంది. “పురుగును చూసినా నువ్వు ఇంత భయపడలే,” అంది.

“అది వేరే భయం.”

“ఎన్ని రకాల భయాలుండాయి నీకు?”

అతను బ్రష్ తీసి గుడ్లు గీకడం మొదలుపెట్టాడు.

ఐదోసారి ఒక్క పురుగూ లేదు. ఆరోసారీ లేదు. పదకొండు పువ్వులు మిగిలాయి. వాటి అంచున ఆవగింజంత కొత్త మొగ్గ ఒకటి. పీరాంబీ కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ మళ్లీ చూసి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.

అక్రమ్ బ్రష్షులు కడిగి సంచిలో సర్దాడు. మళ్లీ రావడానికి ఇక పని లేదు. చెప్పకుండా వెళ్లిపోవచ్చు. ఎవరికీ తెలియదు. ఆ ఆలోచనే అతన్ని అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది.

“షమా, ఆ పురుగు నా ఈదీతోనే వచ్చింది. నేను ముంచలే. ముంచితే ముడుచుకుంటాది, నువ్వు చూసేటప్పుడు విచ్చుకొని ఉండల్లని… మొదటి దినమే తెల్సు నాకు. దాచిపెట్టినా.”

ఆమె ఫోన్ తీసి అతని ముందు పెట్టింది. ఫొటోలో ఆకుపచ్చ పువ్వుల మీద నారింజ రంగు పురుగు. తేదీ, పగడం ముడుచుకుందని అతను బస్సెక్కి వచ్చిన దినానికి ముందుది.

“సైన్సు టీచర్ని. ఏం తింటే ఆ రంగు వస్తాదని నేనూ చదువుకున్యా. నువ్వు సిరంజి జేబులో పెట్టుకునేది కూడా చూసినా.”

“మరి… ఏంటికి అడగలే?”

ఆమె తొట్టె వైపు తిరిగింది.

“ఆ దినం నిన్ను వాకిట్లో నుంచే పంపిద్దామనుకున్యా. నాలుగు దినాలకు మల్లా వచ్చినావు. ఎండలో మల్లా వచ్చినావు.” తువ్వాలు మడిచింది. “అన్నకు జబ్బు ముదిరిందని మాకు తెల్సు. ఆయనకు చెప్పలే. ఆయనకూ తెల్సు, మాకు చెప్పలే. నెల దినాలు ఒకే ఇంట్లో అట్ల నవ్వుకుంటా ఉన్యాం. చివరికి ఎవరూ ఏం మాట్లాడుకోలే. ఇంకోసారి అట్ల ఉండటం నాతో కాదు. అందుకే నువ్వే చెప్తావని చూసినా. ఆరుసార్లు చూసినా. ఈపొద్దూ చెప్పకుండా పోతావేమోనని పొద్దున్నుంచి నాకు భయం.”

అక్రమ్ తలవంచుకున్నాడు. “ఇంకొకటి కూడా చెప్పల్ల. దానికి ఇంకా భయమైతాంది.”

“తెల్సు. అది ఈ ఇంటికంతా వినబడేట్టు నాలుగోసారే అరిచినావు.”

పీరాంబీ మూడు గ్లాసుల టీ తెచ్చింది. ఒకటి అతని చేతికిస్తూ, “మందు అయిపోయిందంట కదా నాయనా. ఇంక ఏం సాకు పెట్టుకొని వస్తావు? ఈసారి మీ నాయనను పిల్చుకొని రా. ఆయనతో నేను మాట్లాడల్ల,” అంది.

అక్రమ్ గ్లాసులోని టీ ఒలికింది. షమా నవ్వు ఆపుకోలేదు.

వాకిలి దాకా వచ్చి ఆమె అంది, “వచ్చేటప్పుడు ఉత్త చేతుల్తో రావద్దు. ఒక పగడం తీసుకొని రా. కానీ ముంచి తీసుకొని రా.”

“ముడుచుకొని ఉంటాది కదా.”

“ఉండనీ. విచ్చుకునే దాకా నేను చూసుకుంటా కూచుంటా.”