మా ఇంటి ముందు గట్టు పడదు

"మీ ఇంటి ముందు గట్టు పడుతుందా పాపా?" అని అడిగాడు షాపులో రస్సెల్ అంకుల్.

మంచుని ఎత్తి పక్కకి విసిరే మిషన్లు, స్నో బ్లోయర్లు, రెండు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి చిన్నది, ఇంకోటి దానికి అన్నయ్యలా పెద్దది. నాన్న రెండింటి చుట్టూ తిరిగి తిరిగి ఏదీ తేల్చుకోలేకపోతున్నాడు. పారతో మంచు తీసీ తీసీ ఆయన నడుం పట్టేసింది. ఈ ఏడు ఏదో ఒక మిషను కొనక తప్పదు.

"మాకు పడదు అంకుల్!" అంది కైసా వెంటనే. "లారీ డ్రైవర్‌కి మేమంటే ఇష్టమేమో!"

రోడ్డు మీద మంచు నెట్టుకుంటూ పోయే లారీ ప్రతి ఇంటి కారు దారికి, అదే డ్రైవ్‌వేకి, అడ్డంగా ఒక గట్టు పోసి పోతుంది. అది మామూలు మంచు కాదు. ఉప్పూ ఇసుకా కలిసి రాయిలా బిగుసుకుంటుంది.

"నిజమే, మా ఇంటి ముందు గట్టు తీసిన గుర్తే లేదు నాకు" అన్నాడు నాన్న.

"అయితే చిన్నదే చాలు నీల్" అన్నాడు రస్సెల్ అంకుల్. "ఈ రబ్బరు రెక్కలే మంచుని ఎత్తుతాయి, ఇవే విసురుతాయి. నేలంతా ఊడ్చినట్టు చేస్తుంది. పెద్దదానికి ముందు ఇనుప పళ్లు, వెనక ఫ్యాను. పళ్లు గట్టుని కొరికితే ఫ్యాను దూరంగా విసురుతుంది. గట్టు లేనివాళ్లకి అదెందుకు?"

కైసా మనసు గంతులేసింది. చిన్నది సరిపోతే మిగిలిన డబ్బుతో మంచు మీద జారే కొత్త స్కీలు కొంటానని నాన్న మాటిచ్చాడు. శనివారం స్కీ రేసుకి కైసా కొత్త స్కీలతో వెళ్లొచ్చు!

ఇంటికి వస్తుంటే పక్కింటి ఎల్మా బామ్మ తన ఇనుప పళ్ల మిషను షెడ్‌లోకి తోసుకెళ్తూ కనిపించింది. కారులోంచే కైసా నవ్వింది. "బామ్మ కంటే మిషనే పెద్దగా ఉంది నాన్నా! అంత చిన్న డ్రైవ్‌వేకి అంతసేపేంటో? రోజూ నేను లేచేసరికి ఇంకా తోస్తూనే ఉంటుంది."

బామ్మ వాళ్లని చూసి చేయి ఊపింది.

కొత్త మిషను బాగానే పనిచేసింది. డ్రైవ్‌వే సిమెంటు తళతళలాడింది. కైసా దాన్ని తానే కొన్నంత గొప్పగా అందరికీ చూపించింది. ఇంతలో ఎల్మా బామ్మ మెట్ల మీద జారిపడి, చేయి విరిగి, వాళ్లమ్మాయి ఇంటికి వెళ్లింది.

శనివారం పొద్దున కైసా స్కీలు భుజాన వేసుకుని బయటికి వచ్చి, అక్కడే నిలబడిపోయింది. డ్రైవ్‌వే చివర తన నడుం ఎత్తున గట్టు!

"నాన్నా! ఇదేంటి?"

నాన్న చిన్న మిషను తెచ్చి ముందుకు తోశాడు. అది గట్టు మీదికి ఎక్కబోయి వెనక్కి జారింది. మళ్లీ తోశాడు. రబ్బరు రెక్కలు గిరగిర తిరిగాయి గానీ ఒక్క గడ్డా కదల్లేదు.

"దీని వల్ల కాదమ్మా" అని నాన్న పార అందుకున్నాడు. కైసా కూడా అందుకుంది. చేతులు కొంకర్లు పోయాయి. రేసు మొదలయ్యే వేళ దాటిపోయింది. కైసాకి ఏడుపొచ్చేసింది.

"లారీ డ్రైవర్‌కి మనమంటే ఇష్టం పోయిందా నాన్నా?"

అప్పుడే నాన్న ఫోన్ మోగింది. చేతులు తడిగా ఉన్నాయని స్పీకర్ పెట్టాడు. ఎల్మా బామ్మ!

"నీల్, మీ గట్టు సంగతి ఏం చేశావయ్యా? రాత్రి మంచు మొదలైనప్పటి నుంచీ నాకదే దిగులు. పాప రేసు కూడా ఇవాళే కదా! ఈ పాడు చేయి విరక్కపోతే, ఎప్పట్లాగే మీరు లేవకముందే తీసేసేదాన్ని. ఏమీ అనుకోకండి నాయనా."

నాన్న పార కింద పెట్టేశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఎప్పట్లాగే!

బామ్మకి అంతసేపు ఎందుకు పట్టేదో కైసాకి ఇప్పుడు తెలిసింది. ఆ చిన్న మనిషి, ఆ పెద్ద మిషను, చీకటి విడవకముందే వాళ్ల ఇంటి ముందు... అది చూసి తను నవ్వింది కూడా! కైసా ఫోన్ దగ్గరికి వంగింది.

"బామ్మా... థాంక్స్ బామ్మా. మాకు తెలీనే తెలీదు."

"దానికేముందే పిచ్చిదానా, మిషను ఎలాగూ స్టార్ట్ చేసేదాన్నేగా! షెడ్ తాళంచెవి పూలకుండీ కింద ఉంది. నాన్నని నా మిషను తీసుకోమను. నేను రేపు మధ్యాహ్నం వచ్చేస్తున్నా."

ఆదివారం తెల్లవారుతుండగానే నాన్న మంచం పక్కన కైసా బూట్లేసుకుని నిలబడి ఉంది.

"లే నాన్నా, లారీ వెళ్లిపోయింది. బామ్మ ఇంటి ముందు గట్టు పోసింది."

బామ్మ పెద్ద మిషను పళ్లతో కరకర కొరుకుతూ గట్టంతా దూరంగా విసిరేసింది. నాన్న బామ్మ గుమ్మం దాకా దారి చేశాడు. కైసా దాని మీద నడిచి చూసింది. నేల మీద ఇంకా పల్చటి పొర మిగిలింది. కాలు సర్రున జారింది.

"బామ్మ మళ్లీ పడుతుంది నాన్నా. ఇక్కడికి మన చిన్నది తీసుకురా!"

నాన్న చిన్న మిషనుతో దారంతా సిమెంటు కనబడేలా తీశాడు. కైసా మెట్లు ఒక్కొక్కటే పారతో గీకి, చీపురుతో ఊడ్చి, ఇసుక చల్లింది. ఆ తర్వాత పెద్ద మిషను తుడిచి షెడ్‌లో పెట్టి, తాళంచెవి కుండీ కిందే దాచారు.

మధ్యాహ్నం ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చున్నారు. బామ్మ వాళ్లమ్మాయి కారు మలుపు తిరిగింది. ఎక్కడా ఆగకుండా నేరుగా లోపలికి వెళ్లిపోయింది. అక్కడ ఎప్పుడూ గట్టే లేనట్టు!

"వెళ్లి మనమే తీశామని చెబుదామా?" అన్నాడు నాన్న.

కైసా తల అడ్డంగా ఊపింది.

"ఇన్నాళ్లూ బామ్మ మనకి చెప్పిందా నాన్నా?"