గొంతు ఆపిన ఇరవై నిమిషాలు

త్సుకిమొరి కొండ మీద మంచు ఎంత పడిందో రోజూ ఉదయం ఐదున్నరకి కొలిచేది నేనే. మా ఆఫీసు వెనక ఎరుపూ నలుపూ గీతలున్న పొడవాటి కర్ర ఒకటి పాతి ఉండేది. మోకాలి లోతు మంచులో దాని దగ్గరికి నడిచి, టార్చి వేసి అంకె చూసుకుని, లోపలికొచ్చి మైకు ముందు కూర్చుంటే నా రోజు మొదలైనట్టు. "మంచు లోతు రెండు మీటర్ల పది. కొత్తగా పడింది పద్దెనిమిది సెంటీమీటర్లు. ఉష్ణోగ్రత మైనస్ ఆరు. గాలి వాయవ్యం నుంచి." లిఫ్టు స్తంభాలకి కట్టిన స్పీకర్లలోంచి ఈ నాలుగు ముక్కలూ కొండంతా వినిపించేవి. అలా పదకొండేళ్ళు చదివాను. ఊళ్ళో పిల్లలకి నా మొహం తెలీదు. కూరగాయల కొట్లో నేను నోరు తెరిస్తే మాత్రం "అదుగో, మంచు అత్త!" అని ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని నవ్వేవాళ్ళు.

మాదేమంత పేరున్న చోటు కాదు. టౌను వాళ్ళు నడిపే చిన్న స్కీ కొండ. మూడు లిఫ్టులు, ఒక నూడుల్స్ కొట్టు, శని ఆదివారాల్లో తప్ప ఈగలు తోలుకోవడమే. ఆ చలికి ఈగలు కూడా ఉండేవి కావు.

నా తమ్ముడు రికియా అక్కడే గస్తీ పని చేసేవాడు. స్కీల మీద కొండంతా తిరిగి, పడ్డవాళ్ళని లేపడం, దారి తప్పినవాళ్ళని దించడం వాడి పని. అమ్మ పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్ళు, నాకు ఇరవై. వాడికి అన్నం పెట్టింది నేనే, తిట్టింది నేనే. నాకున్నది వాడొక్కడే. ఆ సంగతి వాడికెప్పుడూ చెప్పలేదు, చెబితే నెత్తికెక్కుతాడని.

తొమ్మిదేళ్ళ కిందటి జనవరి అది. మంచు మబ్బు సాయంత్రం ఆరు దాటాకే కొండ మీదికొస్తుందని పొద్దున వచ్చిన అంచనా కాగితంలో ఉంది. అదే బోర్డు మీద రాశాను. రికి టీ గ్లాసు పట్టుకుని బోర్డు చూశాడు.

"అక్కా, నువ్వు ఆరుదాకా మబ్బు రాదని రాశావంటే నేను రెండు జతల మేజోళ్ళు వేసుకోవాలి."

"రాసింది నేనేంటిరా? కాగితంలో ఉన్నది ఎక్కించాను."

"చదివేది నువ్వేగా. ఆకాశానికి నీ గొంతంటే పడదు."

"నోర్మూసుకుని తిను."

మా గస్తీ పెద్ద హోన్మా గారు స్టవ్వు దగ్గర చేతులు కాచుకుంటూ నవ్వారు. ఆయనకి అరవై దాటాయి. "దాన్ని ఏడిపించకురా. మబ్బు కమ్మిందంటే నిన్ను కిందికి దించేది ఆ గొంతే" అన్నారు.

ఆయన అన్నది నిజమే. మబ్బు దిగి కొండంతా తెల్లబడిపోతే పైకీ కిందకీ తేడా తెలీదు. కాళ్ళ కింద నేల ఉందో లేదో కూడా తెలీదు. అప్పుడు స్పీకర్లలో వచ్చే మాట వింటూ, ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి దిగడమే దారి. అందుకని మాకో పద్ధతి ఉండేది. అలాంటప్పుడు మైకు దగ్గరున్న మనిషి చివరి గస్తీవాడు దిగొచ్చేదాకా చదువుతూనే ఉండాలి. ఏం చదివినా ఫరవాలేదు, గొంతు మాత్రం ఆగకూడదు. వాకీటాకీకీ ఒక పద్ధతి ఉంది. మన మాట అయిపోగానే "దోజో" అనాలి, ఇక నువ్వు మాట్లాడు అని. వరసలు పెట్టి పిలుచుకోకూడదు. అందులో నేను "ఆఫీసు", రికి "మూడు". ఎవరైనా దోజో మర్చిపోతే హోన్మా గారు ఆ సాయంత్రం మెట్ల మీద మంచంతా వాళ్ళచేతే ఎత్తించేవారు.

మబ్బు ఆరింటికి రాలేదు. రెండింటికే వచ్చేసింది.

కిటికీలోంచి చూస్తుండగానే మూడో లిఫ్టు మాయమైంది. తర్వాత రెండోది. తర్వాత మా ముంగిట్లో జెండా కర్ర. లిఫ్టులెక్కడం ఆపించి, వచ్చినవాళ్ళందర్నీ దించేసరికి మూడున్నర. చివర్న ముగ్గురు గస్తీవాళ్ళు మూడు దారుల్లో కొండ మీదనుంచి దిగుతూ, "ఎవరైనా ఉన్నారా?" అని కేకలేసుకుంటూ రావాలి. పై దారి రికీది. నాలుగు కాకముందే మిగతా ఇద్దరూ వచ్చేశారు. పై దారి పొడవు కదా, వాడికి ఇంకో అరగంట పడుతుందనుకున్నాను.

ఆఫీసులో నేనొక్కదాన్నే. కిరోసిన్ స్టవ్వు వాసన, దాని మీద ఎండుతున్న తడి ఉన్ని తొడుగుల వాసన. బయట వెలుతురు తెలుపు పోయి నీలంగా మారుతోంది. మంచు అంత పడుతున్నప్పుడు చప్పుళ్ళేవీ ఉండవు. నా గొంతు ఒక్కటే గోడ అవతల స్పీకర్లో వినబడుతోంది. "మంచు లోతు రెండు మీటర్ల ముప్ఫై నాలుగు. ఉష్ణోగ్రత మైనస్ తొమ్మిది..." ఏ పదోసారో చదువుతున్నాను.

నాలుగూ ఇరవైకి బల్ల మీది వాకీటాకీ గరగరలాడింది.

"అక్కా."

ప్రాణం లేచొచ్చింది. మైకు మీద చెయ్యి తీసి సెట్టు అందుకున్నాను. "మూడూ, ఎక్కడున్నావు? దోజో."

"అక్కా... రెండు గొంతులు వినిపిస్తున్నాయి."

"ఏంటి?"

"రెండూ నీవే. నువ్వే చదువుతున్నావు. ఒకటి కింద నుంచి... ఇంకోటి పక్కనుంచి. ఉషిజావా లోయ వైపు నుంచి."

ఆ లోయలో స్తంభాలు లేవు, స్పీకర్లు లేవు. అటంతా నిలువు కొండ, అడుగున మంచు కప్పేసిన వాగు. ఎవరూ పోకుండా చలికాలమంతా తాడు కట్టి ఉంచుతాం.

"కొండకి తగిలి తిరిగొస్తోందేమోరా."

"కాదు." గొంతు బాగా తగ్గించాడు. "తిరిగొస్తే నీ తర్వాత కదా రావాలి? అది నీకంటే ముందు చదువుతోంది."

 మళ్ళీ మైకులో చదివాను. అలవాటు కొద్దీ చదివాను. మంచు లోతు రెండు మీటర్ల ముప్ఫై నాలుగు...

"అక్కా, ఆపు. నువ్వు ఆపితే మిగిలేది ఏదో తెలుస్తుంది. దానికి దూరంగా దిగుతాను."

"ఆపకూడదు కదరా."

"ఆపు అక్కా... భయమేస్తోంది."

వాడి నోట ఆ మాట విని ఇరవై ఏళ్ళయింది. అమ్మ పోయిన వారంలో, పక్క మీద నా చొక్కా పట్టుకుని అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు. నేనింకేం ఆలోచించలేదు. మైకు మీట కిందికి నొక్కేశాను. గోడ అవతల నా గొంతు ఆగిపోయింది.

"ఆగింది." వాడు ఊపిరి వదిలినట్టు వినిపించింది. "ఒకటి ఆగింది. ఇంకోటి చదువుతూనే ఉంది. తెలిసిపోయింది అక్కా. ఇంక మాట్లాడకు."

చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. ఐదు నిమిషాలు. పది. స్టవ్వులో మంట టప్పుమంది, ఉలిక్కిపడ్డాను. కిటికీ నీలం పోయి బూడిదరంగుకి తిరిగింది.

"మూడూ, దగ్గరికొచ్చావా? దోజో."

"వస్తున్నా. స్తంభం కనిపిస్తోంది."

"ఎన్నో నంబరు?"

గరగర... చాలాసేపు.

"మాట్లాడకు అక్కా."

అక్కా అంటున్నాడు. పదేళ్ళుగా వాకీటాకీలో వాడు నన్నొక్కసారి కూడా అలా పిలవలేదు. మాట చివర దోజో మానలేదు. ఇప్పుడు పిలుస్తున్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, అంత భయంలోనూ ఆ పిలుపు నాకు హాయిగా ఉంది.

పదిహేను నిమిషాలు. ఇరవై.

తలుపు దబ్బున తెరుచుకుంది. హోన్మా గారు. కనుబొమల మీద కూడా మంచు. కింద రోడ్డు మీద ఆఖరి బస్సు మంచులో దిగబడితే అప్పటిదాకా పారలతో తవ్వుతున్నారట. ఇంజను ఆగాక గాని కొండ నిశ్శబ్దంగా ఉందని ఆయనకి తెలియలేదు.

"సవాకో! గొంతెందుకు ఆపావు? మైకు పోయిందా?"

"రికి ఆపమన్నాడండీ."

"ఎప్పుడు?"

"ఇందాక. వాకీటాకీలో. ఇప్పుడే స్తంభం దగ్గరున్నాడు..."

 ఆయన కోటు జేబులో చెయ్యి పెట్టి ఒక సెట్టు తీసి బల్ల మీద పెట్టారు. దాని వెనక పసుపు బిళ్ళ. బిళ్ళ మీద 3.

"ఇది వాడిది. మధ్యాహ్నం బ్యాటరీ చచ్చిపోతే నా గదిలో చార్జరుకి పెట్టాడు. మబ్బు రాగానే తొందర్లో వదిలేసి పైకెళ్ళిపోయాడు. తీసుకెళ్ళరా అని కుర్రాళ్ళు అరిస్తే, అక్క గొంతుందిగా అన్నాడట." ఆయన ఆ సెట్టుని నా వైపు జరిపారు. "వాడి దగ్గర ఏమీ లేదు సవాకో. నీ గొంతు తప్ప."

అప్పుడు నా చేతిలోని సెట్టు మాట్లాడింది.

"మాట్లాడకు అక్కా... ఇంకొంచెం సేపు."

మా సెట్లన్నీ ఒకే ఛానెల్లో ఉంటాయి. ఒకదాంట్లో పలికింది అన్నింట్లోనూ పలకాలి. హోన్మా గారి ఛాతీ మీద ఒక సెట్టుంది, బల్ల మీద ఒకటుంది. రెండింట్లోనూ దీపం వెలుగుతోంది. రెండూ కనీసం గరగర కూడా లేకుండా మౌనంగా ఉన్నాయి.

మైకు మీద పడ్డాను. మంచు లోతూ లేదు, గాలీ లేదు. "రికీ! ఇటురా! రికీ, ఇటే, ఇటు!" ఇంతే. హోన్మా గారు తాడు భుజానేసుకుని బయటికి పరిగెత్తారు. గొంతు చీరుకుపోయి గాలి తప్ప మాట రానంతవరకూ అరిచాను. చేతిలోని సెట్టు మళ్ళీ పలకలేదు.

హోన్మా గారికి వాడి స్కీ గీతలు కనిపించాయి. అప్పటికి సగం పూడిపోయాయి. గీతలు తిన్నగా నాలుగో స్తంభం దాకా వచ్చాయి. నాలుగో స్తంభం మా ఆఫీసు మెట్లకి నూట యాభై మీటర్లు. అక్కడ మంచంతా తొక్కి ఉంది. వాడు చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. స్పీకరు కింద నిలబడి, అది మళ్ళీ ఎప్పుడు పలుకుతుందా అని చూశాడు. ఆ తర్వాత గీతలు పక్కకి తిరిగాయి. తాడు కింద నుంచి దూరి, ఉషిజావా లోయ వైపు. పరుగులా లేవమ్మా, పిలిస్తే వెళ్ళినట్టున్నాయి అన్నారాయన. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది.

ఆరు రోజులు వెతికారు. మే నెలలో మంచు కరిగాక మళ్ళీ వెతికారు. వాగంతా నడిచారు. స్కీలు దొరకలేదు, టోపీ దొరకలేదు. నీ తప్పేముంది అని అందరూ అన్నారు. నా తప్పే. అన్నం పెట్టిన చేత్తోనే ఆ మీట నొక్కాను.

జూన్‌లో హత్సు అవ్వ మా ఇంటికొచ్చింది. లోయకి అవతల, ఉషిజావా పల్లెలో చివరి ఇల్లు ఆమెది. ఎనభై నాలుగేళ్ళు, ఒంటరిది. వెదురు మొలకలు గుడ్డలో కట్టుకుని తెచ్చింది. రికి ఫొటో ముందు అగరొత్తి వెలిగించి, చేతులు జోడించి, అటు తిరిగే అంది.

"ఆ సాయంత్రం ఎంతసేపు చదివావు తల్లీ, పాపం."

మధ్యలో కొండ అడ్డం. మా స్పీకర్లు ఆ పల్లెకి వినబడవు.

"మీకు వినిపించిందా అవ్వా?"

"ఎందుకు వినబడదు? మా పెరట్లోనే కదా చదివావు. చీకటి పడేదాకా, ఒక్క క్షణం ఆపలేదు. వాడొచ్చాకే ఆపావు."

 "వాడొచ్చాడా?"

"రాకేం. 'వచ్చేశానక్కా' అన్నాడు. ఎంత సంతోషంగా అన్నాడో. నువ్వేదో అన్నావు, నవ్వాడు. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వాగు మీదుగా పైకి నడిచారు. ఇంత మంచులో ఎక్కడికే అని కిటికీ తీసి పిలవబోయాను." అవ్వ నా వైపు తిరిగింది. నా మొహంలోకి చూడలేదు. గొంతు తగ్గించేసింది. "నువ్వు వెనక్కి తిరిగి నోటి మీద వేలు పెట్టావు. అందుకే వెతకడానికొచ్చిన వాళ్ళకి కూడా చెప్పలేదు తల్లీ. నువ్వే కదా వద్దన్నావు."