బుడిపె మీద మేకు

కోదండరామయ్య చనిపోయే ముందు నీళ్లు అడిగాడు. ఆ నీళ్లు పోసినవాణ్ణి పోలీసులు ఈడ్చుకుపోయారు.

1981 మార్చి నెల. మెహ్రౌలీ దాటాక, ఏషియాడ్ ఆటల కోసం వేస్తున్న కొత్త రోడ్డు పక్కన, తుమ్మ పొదల మధ్య ఒక ముసలి పాలచెట్టు. ఢిల్లీవాళ్లు ఖిర్నీ అంటారు. ఉదయం ఏడు గంటలకు దాని మొదట్లో శవం దొరికింది. తల వెనుక ఎముక లోపలికి దిగిపోయింది. చెట్టు చుట్టూ కొలత టేపు చుట్టింది చుట్టినట్టే ఉంది.

పోయినవాడు రిటైర్డ్ ఫారెస్టు రేంజరు. ఢిల్లీలో మిగిలిన మహావృక్షాలను కొలిచి, ఫొటోలు తీసి, రికార్డు చేసే కమిటీలో పనిచేస్తున్నాడు.

దొరికినవాడు లింగయ్య. పాలమూరు నుంచి రోడ్డు పనికి వచ్చిన కూలి. చొక్కా నిండా రక్తం. పక్కన గొడ్డలి. ముందు రోజే అతను వంటచెరకు కోసం ఆ చెట్టు కొమ్మ నరకబోతే, ముసలాయన గొడ్డలి లాక్కుని నానా తిట్లూ తిట్టాడు. క్యాంపంతా చూసింది.

ఇంకేం కావాలి? స్టేషన్ ఎస్సైకి ఇంకేమీ అక్కర్లేకపోయింది. ఒక్కటే ఇబ్బంది. లింగయ్యకు హిందీ రాదు. అందుకని క్రైమ్ బ్రాంచి ఇన్‌స్పెక్టర్ త్యాగరాజును పిలిపించారు. దర్యాప్తుకు కాదు, దుబాసీ పనికి.

త్యాగరాజు పదిన్నరకు వచ్చాడు. లాకప్పు మూలలో లింగయ్య ముడుచుకుని కూర్చున్నాడు. కుడిచేతి నాలుగు వేళ్లూ కమిలి, వాచి, గుత్తి వంకాయల్లా ఉన్నాయి. వాటి మీద లాఠీ పెట్టి ఇద్దరు కానిస్టేబుళ్లు ఎక్కి నిలబడ్డారట. ఆ ముక్క ఎస్సై టీ తాగుతూ చెప్పాడు.

"పాంచ్ బజే తక్ బయాన్ పర్ అంగూఠా లగ్వా దీజియే, సాబ్. కల్ కోర్ట్ హై."

"ఈ చేత్తోనా?" అన్నాడు త్యాగరాజు హిందీలో.

ఎస్సై నవ్వాడు. "అంగూఠా తో ఠీక్ హై."

నిజమే. బొటనవేలు ఒక్కదాన్నీ భద్రంగా వదిలేశారు. స్టేషన్ త్యాగరాజుది కాదు. సాయంత్రం ఐదుకల్లా బయాన్ అనే ఆ వాంగ్మూలం మీద వేలిముద్ర పడి, రేపు కోర్టుకు చేరిందంటే ఈ మనిషి కథ ముగిసినట్టే. ఉరో, యావజ్జీవమో. పట్టించుకునే నాథుడు లేడు.

"లింగయ్యా, ఏం జరిగింది?"

తెలుగు మాట వినగానే అతని ముఖం పిల్లాడి ముఖంలా అయిపోయింది. "నీళ్లు తాపిన సారూ. గంతే."

"మొదటి నుంచీ చెప్పు."

"కట్టెలకు పోతుంటి. మూలుగుడు ఇనొచ్చింది. పోయి సూస్తె పెద్దమనిషి. తలకాయ ఎత్తి ఒళ్లె పెట్టుకున్న. నీళ్లన్నడు. డబ్బల నీళ్లుంటె పోసిన. రెండు గుటకలు మింగిండు. పాణం పోయింది."

"నిన్న తిట్టాడని కోపం లేదా?"

"తిట్టిండు సారూ. మల్ల పొద్దుమూకినంక ఆయననే గొడ్డలి తెచ్చి చేతుల పెట్టిండు. ఎండు కట్టెలు యాడ దొర్కుతయో సూపిచ్చిండు. గసొంటాయినను నేనెందుకు కొడ్త?"

త్యాగరాజు బయటికి వచ్చి ఆస్పత్రికి ఫోన్ చేశాడు. డాక్టర్ రెండు విషయాలు చెప్పాడు. గాయం గుండ్రంగా, రూపాయి బిళ్లంత ఉంది. గొడ్డలి వెనుక భాగమైతే పలకగా ఉండేది. ఇది సుత్తి దెబ్బ. రెండోది, దెబ్బ తిన్నాక ఆ మనిషి దాదాపు అరగంట బతికే ఉన్నాడు.

"సుత్తి దొరికిందా?" ఎస్సైని అడిగాడు.

"కైసా హథౌడా? కుల్హాడీ హై న!" అన్నాడు ఎస్సై. గొడ్డలి ఉండగా సుత్తి ఎందుకు?

పన్నెండుకు త్యాగరాజు చెట్టు దగ్గర ఉన్నాడు.

ఎంత చెట్టు! ఎన్ని వందల ఏళ్లదో. నేల నుంచి నిటారుగా లేచిన మాను. మనిషి ఛాతీ ఎత్తులో చుట్టూ పెద్ద బుడిపె, కడుపుతో ఉన్న మనిషి పొట్టలా. సరిగ్గా ఆ బుడిపె మీదే టేపు. టేపు కొస ఉంగరాన్ని సన్నని మేకుతో చెట్టుకు దిగ్గొట్టారు. కొలత చదివాడు. పంతొమ్మిది అడుగులు.

బుడిపెకు పైన, తన కళ్లెత్తులో, మాను చుట్టూ కొత్తగా గీకిన పట్టీ కనిపించింది. చెదపుట్ట మట్టీ, పెళుసు బెరడూ శుభ్రంగా గీకేసి ఉన్నాయి. ఆ పట్టీలో ఒక చిన్న రంధ్రం. దాని నుంచి కారిన పాలు ఎండి తెల్లగా గడ్డకట్టాయి. చుట్టూ ఇంకే మరకా లేదు.

త్యాగరాజు కిందికి వంగి, బుడిపె మీది మేకు తలను జేబులోని భూతద్దంతో చూశాడు. చాలాసేపు చూశాడు. కానిస్టేబుల్‌ను అక్కడే కాపలా పెట్టాడు. ఈగను కూడా వాలనివ్వద్దన్నాడు.

ఒంటిగంటకు నాగమల్లేశ్వరి వచ్చింది. వృక్షశాస్త్రంలో రీసెర్చి విద్యార్థిని, గుంటూరు పిల్ల. ఏడాదిగా కోదండరామయ్యకు టేపు రెండో కొస పట్టుకునేది, ఆయన్ని బాబాయిగారూ అని పిలిచేది ఆమే. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"ఇవాళ మీరెందుకు రాలేదమ్మా?"

"బాబాయిగారే వద్దన్నారండీ. రాత్రి హాస్టల్‌కి ఫోన్ చేసి, రేపు ఇంకో మనిషి వస్తాడు, నువ్వు పడుకోమ్మా అన్నారు."

"ఎవరా మనిషి?"

"చెప్పలేదు. అడిగితే, పిల్లల ముందు పెద్దవాళ్ల పరువు తీయకూడదు అని నవ్వారు."

"ఆయన సంచిలో ఏముంటాయి?"

"టేపు, గీకుడు కత్తి, చిన్న సుత్తి, సన్న మేకులు. ఒంటరిగా కొలవాల్సి వస్తే టేపు కొస మేకుతో కొట్టి చుట్టూ తిరిగొస్తారు. కొట్టే ముందు చెట్టును తట్టి, ఏమీ అనుకోకు అనేవారు."

సంచిలో సుత్తి లేదు. మిగతావన్నీ ఉన్నాయి.

రెండింటికి బసవపున్నయ్య వచ్చాడు. రోడ్డు కాంట్రాక్టరు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఢిల్లీలో స్థిరపడ్డవాడు. చెట్టు పదహారడుగుల చుట్టుకొలత దాటితే రోడ్డు వంకర తిరగాలి. దాటకపోతే చెట్టు పడాలి. కమిటీ పెట్టిన హద్దు అది.

"చెట్టు మీకు అడ్డం కదూ?"

"అడ్డమే సార్! దాచేదేముంది? రెండు నెల్లుగా పని ఆగింది. అయితే మాత్రం ముసలాయన్ని చంపుతానా? ఆయన మళ్లీ కొలవాలనే నా కోరిక. ఆయన టేపు అబద్ధం చెప్పదని అందరూ అంటారు."

"పొద్దున ఆరున్నరకు ఎక్కడున్నారు?"

"తారు పీపాల దగ్గర. నలభైమంది కూలీలు చూశారు. కావాలంటే అడగండి."

మూడింటికి డాక్టర్ రంగనాథ్ కాలేజీ నుంచి నేరుగా తన ఫియట్‌లో వచ్చాడు. కమిటీ అధ్యక్షుడు. రెండేళ్ల క్రితం ఈ పాలచెట్టును ప్రపంచానికి చూపించింది ఆయనే. 'ఢిల్లీలో అతిపెద్ద పాలచెట్టు, పంతొమ్మిది అడుగులు' అని పేపర్లన్నీ వేశాయి. ఆయన చెట్టును కావలించుకున్న ఫొటోతో సహా. అప్పట్నుంచీ ఆయనకు సభలు, శాలువాలు, విదేశీ ప్రయాణాలు. ఖద్దరు చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి.

"ఘోరం. ఆ లేబరర్‌కి శిక్ష పడాలి, ఇన్‌స్పెక్టర్. చెట్లంటే విలువ తెలియని మనుషులు."

"ఈ చెట్టు దగ్గరికి మీరు చివరిసారి ఎప్పుడు వచ్చారు?"

"రెండేళ్లయింది. కొలిచింది నేనేగా? మళ్లీ రావాల్సిన పనేముంది?"

త్యాగరాజు టైము చూసుకున్నాడు. మూడున్నర. ఎస్సైని కూడా పిలిపించాడు, బయాన్ కాగితంతో సహా. అందరినీ చెట్టు కింద నిలబెట్టాడు.

"నాగమల్లేశ్వరి గారూ, చెట్టును ఏ ఎత్తులో కొలుస్తారు?"

"నేల నుంచి నాలుగున్నర అడుగులండీ."

"అక్కడ బుడిపె ఉంటే?"

"బుడిపె మీద కొలవకూడదు. అది చెట్టు లావు కాదు, చెట్టు జబ్బు. దానికి పైన, మాను సాఫీగా ఉన్నచోట కొలవాలి. బాబాయిగారు నేర్పిన మొదటి పాఠమే అది." ఆమె టేపు వైపు చూసింది. "మరి ఈ టేపు..."

"అదే నా ప్రశ్న. పైన గీకిన పట్టీ ఉంది. మేకు కొట్టిన రంధ్రం ఉంది. ఆయన కొలిచింది అక్కడ. మరి టేపు కిందికి ఎలా వచ్చింది?"

త్యాగరాజు కిందికి వంగి మేకును చూపించాడు.

"ఈ మేకు తల చూడండి. రక్తం. పై రంధ్రం దగ్గర చుక్క కూడా లేదు. సుత్తి మొదట శుభ్రంగా ఉంది, పైన మేకు కొట్టింది. తరువాత తల పగలగొట్టింది. ఆ తరువాత మళ్లీ కింద మేకు కొట్టింది. అంటే హంతకుడు దెబ్బ వేసి పారిపోలేదు. ఆగాడు. మేకు పీకి, టేపు కిందికి దింపి, బుడిపె చుట్టూ తిప్పి, మళ్లీ కొట్టాడు."

ఎస్సై బయాన్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఎందుకు? లింగయ్యకు అంకెలే రావు. బసవపున్నయ్యకు చెట్టు చిన్నదైతేనే లాభం, టేపు దింపి దాన్ని పెద్దది ఎందుకు చేస్తాడు? ఒక మనిషి తల పగిలి కాళ్ల దగ్గర పడి ఉండగా, ఈ చెట్టు పంతొమ్మిది అడుగులే అని చెప్పాల్సిన అవసరం ఎవరికి ఉంది?"

రంగనాథ్ ముఖంలో నెత్తురు లేదు. "దిస్ ఈజ్ నాన్సెన్స్..."

"మీ చొక్కా చేతులు దించండి సార్."

"ఎందుకు?"

"దించండి."

రంగనాథ్ కదల్లేదు. త్యాగరాజే కుడిచేతి మడత విప్పాడు. మణికట్టు దగ్గర బట్ట మీద జిగురు మరక. దుమ్ము పట్టి నల్లబడింది. ఇంకా వేలికి అంటుకుంటున్న పాలచెట్టు పాలు.

"రెండేళ్ల క్రితం అంటిందా ఇది? ఉతకలేదా?"

ఫియట్ డిక్కీలో, స్పేర్ టైరు కింద సుత్తి దొరికింది.

రంగనాథ్ చెట్టు వేరు మీద కూలబడ్డాడు. ఎవరూ అడక్కుండానే మాట్లాడాడు. "ముందు రోజే చెప్పాడు, నువ్వు తప్పు కొలిచావయ్యా అని. టేపు పట్టుకోమన్నాడు. నేను పట్టుకోనన్నాను. ఆయనే మేకు కొట్టుకుని తిరిగొచ్చాడు. పదిహేను అడుగుల రెండు అంగుళాలు! పదిహేను! ఇది పెద్ద చెట్టే కాదు. బతిమాలాను. కాళ్లు పట్టుకుంటానన్నాను. 'చెట్టు నడుం కొలవమంటే పొట్ట కొలిచావు' అని నవ్వాడు. సుత్తి నా చేతికి దగ్గరగా ఉంది."

"టేపు దింపేటప్పుడు ఆయన బతికే ఉన్నాడు."

రంగనాథ్ చొక్కా మీది మరకను గోటితో గీకసాగాడు.

"మూలుగుతున్నాడు. నీళ్లు అడిగాడా?"

"నేను... టేపు సరిగ్గా సమానంగా రావాలి కదా. చుట్టూ తిరగాల్సి వచ్చింది."

నాగమల్లేశ్వరి ముందుకు వచ్చి అతని ముఖం మీద ఉమ్మేసింది. త్యాగరాజు ఆపలేదు. ఆపాలనీ అనిపించలేదు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది.

మర్నాడు కమిటీ సమావేశమైంది. పై పట్టీ దగ్గర మళ్లీ కొలిచారు. పదిహేను అడుగుల రెండు అంగుళాలు. కోదండరామయ్య టేపు అబద్ధం చెప్పలేదు. హద్దు పదహారు. చెట్టు పడాల్సిందే. ఇది హత్యకేసులో సాక్ష్యం అని త్యాగరాజు పై అధికారికి మొరపెట్టుకున్నాడు. ఆయన విసుక్కున్నాడు. "మేకు ఉన్న ముక్క కోసి స్టోర్‌లో పెట్టవయ్యా. చెట్టంతా ఎందుకు?"

నిజం ప్రాణం పోసుకున్నందుకు చెట్టు ప్రాణం పోయింది. ఆ మాట తలచుకున్నప్పుడల్లా త్యాగరాజుకు తన మీద తనకే అసహ్యం వేసేది.

వారం తరువాత అతను అక్కడికి వెళ్లాడు. మోడు మిగిలింది. చుట్టూ రంపపు పొట్టు, పాలు కారిన చెక్కపేళ్లు. బసవపున్నయ్య మనుషులు కంకర పోస్తున్నారు. లింగయ్య, అతని భార్య హనుమాయమ్మ పేళ్లు ఏరుకుంటున్నారు. లింగయ్య కుడిచేతికి కట్టు. మళ్లీ పార పట్టలేడని డాక్టర్ చెప్పేశాడు.

త్యాగరాజు జీపులోంచి గొడ్డలి తీశాడు. కేసులో అక్కర్లేదని స్టోర్ నుంచి విడిపించుకొచ్చాడు.

"నీదే లింగయ్యా. తీసుకో."

లింగయ్య అలవాటుగా కుడిచెయ్యే చాపాడు. వేళ్లు వంగలేదు. గొడ్డలి జారి కాళ్ల దగ్గర పడింది. ముగ్గురూ దాన్ని చూస్తూ నిలబడ్డారు.

"ఆ ముసలాయిన సేతుల పెట్టిన దినం మంచిగనే పట్టుకుంటి సారూ," అన్నాడు లింగయ్య, తప్పు తనదే అన్నట్టు.

హనుమాయమ్మ వంగి గొడ్డలి తీసుకుంది. ఒక పెద్ద పేడును రెండు ముక్కలు చేసి గంపలో వేసుకుంది. త్యాగరాజు వైపు చూడకుండానే అంది.

"పచ్చి కట్టె. మండది. పొగొస్తది."