మాంత్రికుడికి పలుకు కట్టిన వకుళ

ఎత్తైన కొండల నడుమ నీలకోన అనే రాజ్యం ఉండేది. అక్కడ ఎండ ఇలా వచ్చి అలా పోయేది. అందుకే జనం వెన్నెలచెట్టు జిగురుతో వెలుగు పలుకులు పెంచుకునేవారు. కాచిన జిగురును తొట్టిలో పోసి, దారం వేలాడదీసి, "దారానికి పలుకు కట్టు తల్లీ" అని అడిగేవారు. పటికబెల్లం కట్టినట్టే ఆ జిగురు తనంతట తానే దారం చుట్టూ పొరమీద పొర పేర్చుకుని, దీపంలా వెలిగేది.

ఒకనాడు కరాళుడనే మాంత్రికుడు ఆ పలుకులన్నీ దోచుకుపోయాడు. అడ్డుపడిన జాజమ్మ అనే పలుకులు పెంచే ఆమెను ఒక్క మంత్రంతో రాతిబొమ్మను చేశాడు. ఆమె కూతురు వకుళ ఏడవలేదు, పళ్లు పటపట కొరికింది.

"వాడి నోరు మూయించి గానీ ఇంటి గడప తొక్కను!" అని అడవిదారి పట్టింది.

వెన్నెలచెట్టును చుట్టుకున్న కొండచిలువ బుస్సుమంది. "నా దవడలో ముల్లు తీస్తేనే జిగురిస్తాను."

వకుళ దాని నోట్లో చెయ్యి పెట్టి ముల్లు పీకి, కుండనిండా జిగురు పట్టుకుంది. ఆపైన గుహలో ఒక ముని ఎదురయ్యాడు.

"పగ మానుకో తల్లీ. వాడి నోరు కట్టడం ఎవరి తరమూ కాదు, వాడు కోరి కట్టించుకుంటే తప్ప."

"కోరేటట్టే చేస్తాను స్వామీ!"

కరాళుడి కోటలో దోచుకున్న పలుకులు మసకబారుతున్నాయి. జిగురుకుండతో వచ్చిన వకుళను చూసి వాడు ఎగిరి గంతేశాడు.

"పిల్లా, కొత్త పలుకు పెంచగలవా?"

"పెంచుతాను దొరా," అని వకుళ జిగురు కాచి తొట్టిలో పోసింది. "ఈ జిగురు అడిగినవాళ్ల మాటే వింటుంది. తొట్టి ముందు నిలబడి, దేనికి కట్టాలో మీరే చెప్పాలి."

"దేనికేమిటే? నాకే! నాకు పలుకు కట్టు!" అని గర్జించాడు ఆ ఆశపోతు.

జిగురు తొట్టి దాటి వాడి కాళ్లకు పాకింది. మంత్రం చదవబోయేలోగా పెదవుల మీద గట్టిపడింది. నిలువెల్లా వెలుగుతున్నాడు గానీ, నోట మాట లేదు.

"మా అమ్మ కూడా ఇలాగే నిలబడిందిరా!" అంది వకుళ.

వాడి నోరు కట్టుబడగానే మంత్రం వీగిపోయి, ఆ క్షణమే నీలకోనలో జాజమ్మకు ప్రాణం వచ్చింది. కరాళుణ్ణి బండికెక్కించుకుని ఇల్లు చేరిన కూతుర్ని గుండెకు హత్తుకుని భోరుమంది. బిడ్డలు లేని రాజు వకుళకే పట్టం కట్టబోతూ అడిగాడు.

"అమ్మా, వాడి కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. విడిపిద్దామా?"

"వెలగనివ్వండి మహారాజా."

నాకైతే వాడిమీద ఇసుమంతైనా జాలి లేదు పిల్లలూ! ఆ సాయంత్రం పట్టాభిషేకానికి వేరే దీపం పెట్టనేలేదు.