గొంతుకు సెలవు

పొద్దున్న ఏడయ్యేసరికి హాల్లో సూట్‌కేస్ సిద్ధంగా ఉంది. కూతురు కొత్త ఉద్యోగానికి వేరే ఊరు వెళుతోంది. తండ్రి మాత్రం మెడకు మఫ్లర్ చుట్టుకుని, నోటికి తాళం వేసుకుని, పలక మీద రాస్తున్నాడు: "టికెట్ పెట్టుకున్నావా?"

ఆ ఇంట్లో దీనికి 'గొంతుకు సెలవు' అని పేరు. సాయంత్రం నాటకం ఉంటే పొద్దుటి నుంచే ఆయన పెదవి విప్పడు. వేసేవన్నీ ప్రయోగాత్మక నాటకాలు. చూసినవాళ్లకు సగం అర్థమైతే గొప్ప. ఇల్లు గడిచింది డబ్బింగ్‌తో, ప్రకటనలతో. మర్నాడు రికార్డింగ్ ఉన్నా సెలవే. ముప్పయ్యేళ్లలో ఆయన ఇంట్లో నోరారా మాట్లాడిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. భార్య కూడా కోపం వస్తే పలక లాక్కుని దాని మీదే తిట్టేది. మహానుభావుడు ఆ తిట్లలో అక్షరదోషాలు దిద్దేవాడు.

"పెట్టుకున్నాను," అంది కూతురు. "ఇంకేమైనా ఉందా నాన్నా?"

ఆయన తుడిచి రాశాడు: "జాగ్రత్త."

కూతురి ముఖం కందగడ్డలా అయింది. "ఇల్లు వదిలి పోతుంటే ఒక్క మాటా! అదీ సుద్దముక్కతోనా?"

ఆయన గొంతు చూపించి, గోడ మీది పోస్టర్ చూపించాడు.

"తెలుసు, సాయంత్రం షో. చిన్నప్పుడు టీవీ కార్టూన్‌లో ఎలుగుబంటికి నువ్వే గొంతు ఇచ్చేవాడివి కదా. నేను రోజూ దానికి బళ్లో సంగతులన్నీ చెప్పుకునేదాన్ని. అది 'శెభాష్ బంగారం' అంటే నన్నేననుకుని మురిసిపోయేదాన్ని. ఒకరోజు 'నాకు జ్వరంగా ఉంది' అన్నాను. అది పాడుకుంటూ తేనె కోసం వెళ్లిపోయింది. ఎంత ఏడ్చానో! నువ్వు పక్కనే ఉన్నావు నాన్నా. కళ్లు తుడిచావు. నోరు మాత్రం విప్పలేదు."

ఆయనకు ఆ రోజు బాగా గుర్తుంది. మర్నాడు అదే ఎలుగుబంటి నవ్వులు రికార్డు చేయాలి. పలక పక్కన పెట్టాడు.

"క్షేమంగా వెళ్లి రా తల్లీ!" అన్నాడు. గుండ్రంగా, తియ్యగా వచ్చింది.

"ఇది టీపొడి ప్రకటన గొంతు."

మళ్లీ ప్రయత్నించాడు. ఈసారి చివరి వరుస దాకా మోగింది.

"ఇది నాటకం నాన్నా," అంది. ఆమె కళ్లు నిండిపోయాయి.

ఆయనకు సిగ్గేసింది. ఎవరెవరికో గొంతు అరువిచ్చి, కన్నకూతురితో ఏ గొంతుతో మాట్లాడాలో తెలియని మనిషి అయిపోయాడు.

"నువ్వు... వెళ్లిపోతే... నాకు తోచదే," అన్నాడు. బొంగురుగా, మధ్యమధ్య తెగిపోతూ వచ్చింది. "రోజూ ఫోన్ చెయ్యి. మాట్లాడతాను. నాటకం ఉన్నా మాట్లాడతాను."

కూతురు ఆయన భుజం మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. ఆయనా ఆపుకోలేకపోయాడు.

వంటింట్లో డబ్బా సర్దుతున్న తల్లి కంగారుగా కేకేసింది.

"ఎవరే వచ్చింది? ఎవరో మగమనిషి ఏడుస్తున్నట్టుంది!"

ముప్పయ్యేళ్లు కాపురం చేసిన భర్త గుమ్మం వైపు తిరిగాడు.

"నేనేనే," అన్నాడు.