బర్మా రైఫిల్ కొన్న మనిషి

“ఆ రైఫిల్ వాళ్లకంటే ముందు మనం కొనాలి,” అన్నాడు పరమేశ్వర్.

సూరత్ రింగ్ రోడ్‌లోని ఒక టెక్స్‌టైల్ మార్కెట్లో, చీరల బేళ్ల వెనక ఇరుకు గది అది. బోర్డు మీద జార్జెట్ హోల్‌సేల్ అని ఉంటుంది. నిజానికి అది కేంద్ర నిఘా విభాగం వారి సేఫ్ హౌస్. పరమేశ్వర్ ఆ విభాగం చీఫ్. ఎదురుగా కూర్చున్నవాడు ఏజెంట్ జయదేవ్.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. సూరత్‌లో పాత సైనిక ఆయుధాల ఎగ్జిబిషన్ జరగబోతోంది. ప్రారంభించేది ఒక క్షిపణి శాస్త్రవేత్త. ఆయన్ని అక్కడే చంపాలని ఒక విదేశీ ముఠా ప్లాన్ వేసింది. సెక్యూరిటీ కళ్లెదుట తుపాకీ పట్టుకుని నిలబడినా ఎవరూ అనుమానించని చోటు అలాంటి ఎగ్జిబిషన్ ఒక్కటే. అందుకే వాళ్లకి పాత తుపాకీయే కావాలి, అది పేలేదీ కావాలి.

ఈ సమాచారం తెచ్చింది ఇందుజ. ఆమె చీరల మోడల్, ఆమె ముఖమున్న కేటలాగు లేని షాపు సూరత్‌లో లేదు. ముఠాకి కొరియర్. రెండేళ్లుగా పరమేశ్వర్ మనిషి కూడా.

“హంతకుడెవరో నాకూ తెలీదు,” అంది ఇందుజ. “తుపాకీ ఎవరి చేతికి వెళ్తే వాడే. బస్.”

ప్లాన్ సిద్ధమైంది. రైఫిల్ కొని, ఫైరింగ్ పిన్ మొన అరగదీసి, భుజానికి ఆనించే కర్రలో ట్రాకర్ పెట్టి, ఇందుజ ద్వారా ముఠాకే అందించాలి. ఏదైనా తేడా వస్తే కోడ్: జరీ తెగింది.

అమ్మే మనిషి ఉధ్నా స్టేషన్ దగ్గర ఫ్లాట్‌లో ఉంటున్న వీరరాఘవయ్య, రిటైర్డ్ రైల్వే ఉద్యోగి. పాత వస్తువుల అభిమానుల వాట్సాప్ గ్రూపులో రైఫిల్ ఫొటో పెట్టాడు, ముఠా కన్ను దాని మీద పడింది. అది ఆయన తండ్రి సైన్యం వేలంలో కొన్నది. ఆ తండ్రి బర్మా యుద్ధంలో పోరాడినవాడు. తండ్రి తర్వాత లైసెన్సు కొడుక్కి వచ్చింది. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. పోలీసుల గోదాములో తుప్పు పట్టించడం కన్నా, విలువ తెలిసిన మనిషికి ఇద్దామని ఆయన ఆశ.

జయదేవ్ హైదరాబాద్ మ్యూజియం ఆఫీసర్ సురేశ్‌గా వెళ్లాడు. బంగారు ఫ్రేము కళ్లజోడు, జేబులో భూతద్దం, ఫోర్జరీ ఐడీ కార్డు. ఏవీ అవసరపడలేదు. తలుపు తీయగానే “నమస్కారమండీ” అని తెలుగులో అన్నాడు. ఆ ఒక్క మాటకే ఇంట్లోకి రానిచ్చారు.

వీరరాఘవయ్య భార్య విశాలాక్షి భోజనం చేయకుండా కదలనివ్వలేదు. ఇక్కడి హోటళ్లలో పప్పులో బెల్లం వేస్తారని, ఎలా తింటున్నావోనని బాధపడి, గోంగూర పచ్చడి వేసింది. జయదేవ్ ఆకలి మీదున్నాడు. రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నాడు.

వీరరాఘవయ్య పాత దుప్పటి విప్పి రైఫిల్ చూపించాడు. కర్ర మీద నూనె మెరుపు, బోల్ట్ మీద నంబరు.

“లైసెన్సింగ్ ఆఫీసులో చెప్పాలి కదా బాబూ? పర్మిషన్ లేకుండా ఇస్తే నేరం.”

“అవన్నీ మ్యూజియం చూసుకుంటుందండీ. మీరు తిరగక్కర్లేదు.”

ఆయన మొహం తేలికపడింది. జయదేవ్ ఆ మాట అలవాటుగా చెప్పాడు. మెట్లు దిగుతుంటే మాత్రం చేతిలో తుపాకీ కంటే ఆ మాటే బరువుగా తోచింది.

ఇందుజ రైఫిల్‌ని తనే సంపాదించినట్టు సూరత్ పక్కనున్న కిమ్ అనే ఊళ్లోని అంబదాస్‌కి అప్పగించింది. అంబదాస్ పైకి నూలు యూనిట్ ఓనరు, లోపల ముఠాకి స్థానిక ఏజెంటు.

ఎగ్జిబిషన్ రోజు ఉదయం హాలు కిక్కిరిసింది. వేదిక పక్కన పాతకాలపు సైనికుల వేషంలో, ఖాకీ నిక్కర్లు వేసుకుని కాళ్లకి గుడ్డ పట్టీలు చుట్టుకున్న మనుషులు వరసగా నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ పాత రైఫిళ్లే. ట్రాకర్ హాలు వరకే చెప్పగలిగింది, మనిషిని చూపించలేకపోయింది. అయినా జయదేవ్ నిశ్చింతగా ఉన్నాడు. మొన అరిగిన పిన్ పేలదు. మీట నొక్కినవాణ్ణి పట్టుకోవడమే మిగిలింది.

అప్పుడే చెవిలోని ఇయర్‌పీస్‌లో ఇందుజ గొంతు వినిపించింది.

“జరీ తెగింది. అంబదాస్ టెస్ట్ చేశాడట. ‘గీ పిన్ను అరిగింది, కొత్తది ఏపించిన’ అని ఇప్పుడే చెప్పాడు.”

శాస్త్రవేత్త దీపం వెలిగించడానికి వంగాడు. వరసలో అందరి చూపులూ కెమెరాల మీద ఉన్నాయి. ఒక్కడి చూపు మాత్రం ఆయన వీపు మీద. జయదేవ్ రెండు కుర్చీల మీంచి దూకి తుపాకీ గొట్టాన్ని పైకి ఎత్తేశాడు. గుండు కప్పులోకి పోయింది. గాజుపెంకులు రాలాయి. హంతకుడు దొరికాడు, మధ్యాహ్నానికల్లా అంబదాస్ కూడా. ఇందుజని అదే రోజు ఊరు దాటించే ఏర్పాటు చేశారు.

సేఫ్ హౌస్‌లో స్వీట్లు పంచుతుండగా టీవీలో వార్త వచ్చింది. రైఫిల్ నంబరు పట్టుకుని పోలీసులు లైసెన్సుదారు ఇంటికి వెళ్లారు. విదేశీ ముఠాకి ఆయుధం అమ్మిన రిటైర్డ్ ఉద్యోగి అని చెబుతున్నారు. ముఖం మీద తువ్వాలు కప్పి, ఇద్దరు రెక్కలు పట్టుకుని నడిపిస్తున్న మనిషి వీరరాఘవయ్య. చెప్పు ఒకటి జారిపోయినా ఆగనివ్వలేదు.

జయదేవ్ చేతిలోని స్వీటు ప్లేట్లో పెట్టేశాడు.

“మన ఆపరేషన్ జరగలేదు. సురేశ్ అనేవాడు లేడు,” అన్నాడు పరమేశ్వర్. “కోర్టులో ఆయనకి బెయిల్ దొరుకుతుంది. నువ్వు ఢిల్లీ ఫ్లైటెక్కు.”

“నీ డ్యూటీ నువ్వు చేశావు,” అంది ఇందుజ మెల్లగా.

“తుపాకీ కొనడం డ్యూటీ,” అన్నాడు జయదేవ్. “వాళ్లింట్లో అన్నం రెండోసారి అడిగి తిన్నాను. అది డ్యూటీ కాదు.”

ఎయిర్‌పోర్టుకని బయలుదేరిన ఆటోని పోలీస్ స్టేషన్ ముందు ఆపించాడు. వరండా బెంచీ మీద విశాలాక్షి కూర్చుని ఉంది. అతన్ని చూడగానే ఆమె మొహం వికసించింది. లేచి, అతని చేయి పట్టుకుని, లోపలున్న కానిస్టేబుల్‌కి హిందీలో చెప్పింది: నేను ఇందాకట్నుంచీ మొత్తుకుంటున్నానే, ఆ మ్యూజియం అబ్బాయి ఇతనే, వస్తాడని చెప్పానా లేదా?

జయదేవ్‌కి ఆమె కళ్లలోకి చూడటం చేతకాలేదు.

“నేను మ్యూజియం మనిషిని కాదమ్మా,” అన్నాడు. “మీకు అబద్ధం చెప్పాను.”

ఆమెకి మొదట అర్థం కాలేదు. తర్వాత అతని చేతి మీదున్న తన చేయి తీసేసుకుంది.

అతను లోపలికి వెళ్లి అంతా చెప్పాడు: నిఘా విభాగంలో తన ఉద్యోగం, మారుపేరు, ఫోర్జరీ కార్డు, పర్మిషన్లు తామే చూసుకుంటామని ఒక పెద్దమనిషిని నమ్మించిన సంగతి. చెప్పిందంతా రాసి సంతకం పెట్టాడు. సాయంత్రానికి వీరరాఘవయ్యని వదిలిపెట్టారు. ఆయన ఒంటి చెప్పుతో, అతని వైపు చూడకుండా వెళ్లిపోయాడు. విశాలాక్షి ఆయన భుజం పట్టుకుని మెట్లు దింపింది.

జయదేవ్‌ని మాత్రం వదల్లేదు. ఇన్‌స్పెక్టర్ ఢిల్లీలోని నిఘా విభాగానికి ఫోన్ చేస్తే, ఆ పేరుగల ఉద్యోగి తమ దగ్గర ఎవరూ లేరన్నారు. సర్వీసులో చేరాక అతను మొట్టమొదటిసారి నిజం చెప్పిన రోజు అది.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ పెట్టేసి, ఇంత అందంగా అబద్ధాలాడేవాణ్ణి తన ఉద్యోగంలో చూడలేదని మెచ్చుకుని, టీ తెప్పించాడు.