తిత్తిలో చుట్టం

ముందు వినిపించింది బుసబుస. తిత్తి ఒకటి నిండుతూ, ఒదుగుతూ, మళ్ళీ నిండుతూ. కళ్ళు తెరవకుండానే కూతురికి తెలిసిపోయింది, హార్మోనియాలు బాగుచేసే నాన్న పనిలో కూర్చున్నాడని. నాలుగు నెలలుగా మూగబోయిన ముందుగది మళ్ళీ ఊపిరి పీలుస్తోంది.

ఆ ఇంట్లో జబ్బుకు పేరు లేదు. నాన్న ఊపిరితిత్తిలో గడ్డ బయటపడ్డ రోజునే అమ్మ దాన్ని ‘చుట్టం’ అంది. మందులు ఎక్కించాక చుట్టం చిక్కి చిక్కి బఠాణీ గింజంత అయింది. మిగిలినదాన్ని కోసి తీసేద్దామంది డాక్టరు. ఈ ఉదయం పదింటికల్లా సరేనో వద్దో చెప్పాలి.

“పోతున్న చుట్టాన్ని కత్తి చూపించి తరమడమెందుకే?” అన్నాడు నాన్న. “పలికే పెట్టెను విప్పకూడదని మా గురువుగారి మాట.”

“మీ గురువుగారికి ఒక చెవే పనిచేసేదండీ,” అంది అమ్మ, టీ గ్లాసు అందిస్తూ.

కూతురు బల్లమీది పాత హార్మోనియం పెట్టెను ఒళ్ళోకి తీసుకుంది. మెట్లన్నీ చక్కగా పలికాయి. తర్వాత ఒక్క మెట్టూ నొక్కకుండా తిత్తిని నింపి వదిలింది.

“విను నాన్నా.”

ఎక్కడో సన్నగా, దారమంత సుయ్యి.

“తోలు మడతలో చిల్లి,” అన్నాడు అలవాటుగా. “ఇవాళ సూదిమొన, రేపు నోరు తెరుస్తుంది. విప్పాల్సిందే.”

అనేశాక టీ గ్లాసు కింద పెట్టాడు.

“పలుకుతోందిగా?” అంది కూతురు మెల్లగా.

“పెట్టె పాడైతే ఇంకోటి కొంటారే. నా తిత్తి కోసేశాక... ఈ పెట్టెలు ఎత్తగలనా?”

“నేనెత్తుతాను, నువ్వు పలికించు. లోపల మిగిలింది ఆరిన బూడిదో, నివురుగప్పిన నిప్పో తీసి చూస్తేనే తెలుస్తుందట. వద్దంటే మానేద్దాం. కాని భయమని చెప్పి వద్దను నాన్నా, గురువుగారిని అడ్డం పెట్టుకోకు.”

అమ్మ వచ్చి ఆయన పక్కన నేలమీదే కూర్చుంది.

“భయం నాకూ ఉందండీ. లేకపోతే దానికి ముద్దుపేరెందుకు పెడతాను?”

నాన్న నవ్వాడు. నవ్వితే వచ్చే దగ్గు ఈసారి రాలేదు. ఫోను అందుకుని ఆసుపత్రికి కలిపాడు.

“ఆపరేషన్‌కి తేదీ కావాలమ్మా.”

“దేనికండీ ఆపరేషన్?” అవతలి అమ్మాయి అడిగింది.

ఆయన భార్యవైపు చూశాడు. ఆమె తల ఊపింది. ఆ గోడలు ఇన్నాళ్ళూ వినని మాటను ఆయన తడబడకుండా పలికాడు.

“క్యాన్సర్‌కి.”